పడవ వెళ్ళిపోయాక

పడవ చప్పుడు వినపడనంత దూరం వెళ్ళాక గుర్తొచ్చింది, అగ్గిపెట్టె తేలేదని. దీవి మొత్తానికి అద్దెకిచ్చే కాటేజీ ఇదొక్కటే. ఇంక ఎవరినడుగుతాం?

వంటగదిలో సొరుగులన్నీ లాగి చూశాను. ఒకదాంట్లో సగం కాలిన కొవ్వొత్తి, పక్కనే చెమ్మ తగలకుండా మూత బిగించిన సీసాలో నాలుగు అగ్గిపుల్లలు. గీసుకోవడానికి పెట్టె ముక్క కూడా! మాకు ముందు దిగినవాళ్ళెవరో పెట్టి వెళ్ళారు. వాళ్ళూ నాలాగే మర్చిపోయి వచ్చి, నానా తిప్పలూ పడి ఉంటారు.

గోడకి ఆటుపోట్ల పట్టిక ఉంది. పోటు రోజూ దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. పడవ రాకా దాన్నిబట్టే.

సిగ్నల్ కావాలంటే వెనక రాళ్ళగుట్ట ఎక్కాలి. ఇది అక్కణ్ణుంచే రాస్తున్నా.

ఒక పుల్ల గాలికి ఆరిపోయింది. ఇంకో మూడున్నాయి.