చున్నీల పిచ్చిదాన్ని

నా బీరువాలో డ్రెస్సుల కంటే చున్నీలు ఎక్కువ. లేడీస్ హాస్టల్లో బీరువా ఎంతుంటుందో ఉన్నవాళ్లకు తెలుసు. మూడు అరలు, ఒక హ్యాంగర్ రాడ్డు, నాలుగుసార్లు తిప్పితే గానీ పడని తాళం. అందులో పై అర మొత్తం చున్నీలకే రాసిచ్చేశాను. పెడన అచ్చు కలంకారీవి, పిన్ని అమృత్‌సర్ వెళ్లినప్పుడు తెచ్చిన ఫుల్కారీ, సన్నంచు నారాయణపేటది, అమ్మ పట్టుచీర మడతల్లో చిరిగిపోతే బాగున్న కొంగు వరకు కత్తిరించి పీకో చేయించుకున్నది, సుల్తాన్ బజార్‌లో గొంతు పోయేదాకా బేరమాడి కొన్న షిఫాన్లు.

అందరూ డ్రెస్సు కొనుక్కుని దానికి చున్నీ వెతుక్కుంటారు. నేను చున్నీ కొనుక్కుని దానికి డ్రెస్సు కుట్టించుకుంటాను. మా టైలర్ మాస్టర్‌కి ఇది బొత్తిగా నచ్చదు. "చున్నీదేముందమ్మా, ఏదో ఒకటి వేసేసుకోవచ్చు" అంటాడు. ఆయన కుట్టిన జాకెట్టు గురించి నేను అలా అంటే ఊరుకుంటాడా?

అన్నిటిలోకీ నా ప్రాణం తేలియా రుమాల్. శిల్పారామంలో చేనేత ఎగ్జిబిషన్ పెట్టినప్పుడు పుట్టపాక నుంచి వచ్చిన ఒకాయన దగ్గర కొన్నాను. ధర చెప్పగానే వెనక్కి వచ్చేశాను, టీ తాగాను, మళ్లీ వెళ్లాను. ఎరుపు, నలుపు, తెలుపు, అంతే రంగులు. గళ్లు గళ్లుగా ఉంటుంది, ప్రతి గడిలోనూ ఒక చిన్న లెక్క. నూలుని నూనెలోనూ, ఆముదం కాయల తొక్కు కాల్చిన బూడిద నీళ్లలోనూ రోజుల తరబడి నానబెట్టి, పిసికి, ఆరబెట్టి, మళ్లీ నానబెడతారు. తర్వాత పడుగుకీ పేకకీ విడివిడిగా ముడులు కట్టి రంగులో ముంచుతారు. మగ్గం మీద రెండూ సరిగ్గా కలిస్తేనే ఆ పువ్వు పువ్వులా కనపడుతుంది. దగ్గరగా పెట్టుకుని చూస్తే గీతలు ఎక్కడా కత్తితో కోసినట్టు ఉండవు, అంచుల్లో రంగు కొంచెం ఒలికినట్టు ఉంటుంది. నాకు ఆ ఒలికిన చోటే ఇష్టం. కొత్తలో నూనె వాసన కూడా వస్తుంది. దాన్ని మెడలో వేసుకుని సిటీ బస్సెక్కితే పక్కనావిడ ముక్కు ఎగబీల్చి, "తలకి ఏం నూనె రాస్తావమ్మా?" అని అడిగింది. చున్నీదండీ ఆ వాసన అంటే నమ్మలేదు.

ఒకప్పుడు ఈ రుమాళ్లు చీరాల నుంచి అరబ్బు దేశాలకు ఎగుమతి అయ్యేవి. అక్కడ మగవాళ్లు తలకి చుట్టుకునేవారు. మన దగ్గర చేపలు పట్టేవాళ్లు, పశువులు కాసేవాళ్లు లుంగీగా కట్టుకునేవారు, తలపాగా చుట్టుకునేవారు. నిజాం ఇంటి ఆడవాళ్లు దుపట్టాలుగా వేసుకునేవారట. 2020లో పుట్టపాక తేలియాకి జీఐ గుర్తింపు, అంటే ఇది ఫలానా ఊరి సరుకేనని చెప్పే ముద్ర కూడా వచ్చింది. ఇంత చరిత్రలో ఆ అరబ్బాయన్ని గానీ, మన చేపలాయన్ని గానీ, "ఏమయ్యా, రుమాలు ఒద్దికగా వేసుకోకూడదూ" అని ఎవరూ అని ఉండరు. అది నా భుజం మీదికి వచ్చాకే అందరికీ అభిప్రాయాలు పుట్టుకొచ్చాయి.

అందరిలోకీ ముందు అమ్మ. "ఇన్ని కొంటావు, ఒక్కటైనా తిన్నగా వేసుకోవేమే?" తిన్నగా అంటే ముందుకి, వెడల్పుగా, గుండెల మీద. నేను మెడకి చుట్టుకుంటాను, ఒక భుజం మీద వదిలేస్తాను, కుర్తీ మీద అడ్డంగా వేసి నడుముకి బెల్టు పెడతాను, ఏసీ బస్సులో దుప్పటిగా కప్పుకుంటాను. ఎండాకాలం స్కూటీ మీద వెళ్తే కళ్లు తప్ప మొహమంతా కప్పి వెనకాల ముడి వేసేస్తాను. హైదరాబాద్‌లో మే నెలలో సిగ్నల్ దగ్గర చూడండి, అమ్మాయిలందరం బందిపోట్లలా ఉంటాం. కొందరు ఎండ కోసం, కొందరు దుమ్ము కోసం, కొందరు బాయ్‌ఫ్రెండ్ బండి మీద ఉండగా మేనమామ కనపడితే ఎలా అన్న టెన్షన్‌తో. చున్నీ ఇంత పనిచేస్తుంది. అమ్మ లెక్కలో మాత్రం దానికి ఒకటే ఉద్యోగం.

మా ఇంజినీరింగ్ కాలేజీ లెక్కలోనూ అంతే. పేరు ఎందుకులెండి, అలాంటివి ఊరికొకటి ఉన్నాయి. చున్నీని మడతలు పెట్టి, వి ఆకారంలో వేసి, అటొక పిన్నీసు, ఇటొక పిన్నీసు పెట్టాలి. గేటు దగ్గర ఒక మేడం నిలబడేవారు. ఆవిడ గాజులకి ఎప్పుడూ పిన్నీసుల గుత్తి వేలాడుతుండేది. ఊడిందంటే ఆవిడే వచ్చి గుచ్చేవారు, అందరూ చూస్తుండగా. అబ్బాయిలకి కూడా రౌండ్ నెక్ టీషర్టులు వద్దన్నారు, నిజమే, కానీ వాళ్ల భుజాల మీద ఎవరూ చెయ్యి వేసి సర్దలేదు.

ఫస్టియర్లో వర్క్‌షాప్ అని ఒకటి ఉంటుంది. కార్పెంటరీ, ఫిట్టింగ్ అయ్యాక బ్లాక్‌స్మితీ. రేకుల షెడ్డు, మధ్యలో కొలిమి. అక్కడ ఇన్‌స్ట్రక్టర్ ఒక పెద్దాయన, చేతుల మీద పాత కాలిన మచ్చలు. మా బ్యాచ్ అమ్మాయిలం మడతలూ పిన్నీసులతో నీట్‌గా లోపలికి అడుగు పెట్టామో లేదో, "ఆ వేలాడేవన్నీ తీసి బయట పెట్టి రండమ్మా, నిప్పు దగ్గర ఆటలొద్దు" అన్నాడు. మేం ఒకళ్ల మొహాలు ఒకళ్లం చూసుకున్నాం. తీసి కిటికీ ఊచలకి వేలాడదీశాం. ఎర్రగా కాలిన కడ్డీని దిమ్మె మీద పెట్టి, సుత్తితో కొట్టి నలుచదరం చేయాలి. చెమటలు కారుతున్నాయి, పక్కనే అబ్బాయిలూ కొడుతున్నారు, ఎవరి కడ్డీ వాళ్లది. ఎవరికీ ఎవరినీ చూసే తీరిక లేదు. నాది వంకరగా వచ్చింది. నా ఫ్రెండ్‌ది ఎంత బాగా వచ్చిందంటే ఆయన దాన్ని అందరికీ చూపించాడు. బెల్లు కొట్టగానే అందరం కిటికీ దగ్గరికి వెళ్లి, మళ్లీ మడతలు, మళ్లీ పిన్నీసులు. క్యాంటీన్‌కి వెళ్లాలిగా. "షెడ్డులో పోని పరువు క్యాంటీన్‌లో ఎలా పోతుందే?" అంది ఆ ఫ్రెండే. ఫెమినిజం అన్న మాట అప్పటికి మాలో ఎవరికీ తెలియదు.

తెలిశాక చదివిన వాటిలో నన్ను పట్టుకుని వదలనిది జయప్రభ గారి 'పైటను తగలెయ్యాలి'. మా ఆఫీసులో ఒక అక్క ఇచ్చింది. 80ల నాటి కవిత, అప్పట్లో పెద్ద దుమారమే రేగిందట. 1993లో ఓల్గా సంపాదకత్వంలో వచ్చిన స్త్రీవాద కవిత్వ సంకలనం 'నీలిమేఘాలు' పేరు కూడా ఆ అక్క నోటే మొదట విన్నాను. హాస్టల్ మంచం మీద పడుకుని టైటిల్ చదివి, ముందు నా పై అర వైపు చూశాను. తర్వాత చదివాను. మళ్లీ చదివాను. నాకు అర్థమైనంతలో ఆవిడ నిప్పు పెట్టమన్నది ఆడపిల్లని తల దించుకుని నడిపించే పైటకి. గేటు దగ్గర గుచ్చిన పిన్నీసు తెలిసినవాళ్లకి ఆ కోపం విడమరిచి చెప్పక్కర్లేదు. కానీ చదువుతూనే, అదే మంచం మీద, పెడన చున్నీ అంచులు నిమురుతూ కూర్చున్నాను. కరక్కాయ, పాలు కలిపి బట్టకి పట్టించిన వాసన ఇంకా పోలేదు. ఈ రెండు ఇష్టాలూ ఒకేసారి ఉండటం నాకు తప్పుగా అనిపించలేదు, ఇబ్బందిగా మాత్రం అనిపించింది. ఆ ఇబ్బందిని పిన్నికి ఫోన్ చేసి చెప్పాను. కవిత పేరు విని పిన్ని ఒక్క నిమిషం ఆలోచించి, "తగలెయ్యడం ఎందుకే, కాటన్‌దైతే పొయ్యి మీద గిన్నెలు దించుకోవడానికి పనికొస్తుంది" అంది.

తర్వాత తిరువాంకూరు కథ చదివాను, ఇప్పటి కేరళ దక్షిణాన ఉండే పాత సంస్థానం అది. అక్కడ ఒకప్పుడు నాడార్ కులం స్త్రీలు పై కులాల ఎదుట గుండెల మీద గుడ్డ వేసుకోకూడదు. వేసుకోవడానికి దశాబ్దాలు పోరాడారు, దెబ్బలు తిన్నారు, వాళ్ల ఇళ్లు తగలబడ్డాయి. చివరికి 1859లో రాజు ఒప్పుకున్నాడు. అదీ ఎలాగంటే, కప్పుకోవచ్చు గానీ పై కులాల ఆడవాళ్లలా మాత్రం కప్పుకోకూడదని. ఒకచోట తియ్యకూడదు, ఒకచోట వెయ్యకూడదు. రూలు రాసేవాడు ఎక్కడా తన ఒంటి మీద బట్ట గురించి రాసుకోడు. "నువ్వు చున్నీల మీద వేలు తగలేస్తావు, మళ్లీ ఫెమినిజం అంటావేంటి" అని వెటకారం చేసే మా బావకి ఈ కథ చెప్పాను. "అది వేరు" అన్నాడు. మా బావకి అన్నీ వేరే.

సినిమాల్లో చున్నీ సంగతికొద్దాం. మన సినిమాలో అది చెయ్యాల్సిన పని ఎగిరి హీరో మొహం మీద పడటం. నేను బస్సు కిటికీలోంచి, టెర్రస్ మీది నుంచి, ఎన్ని చోట్ల ఎన్ని గాలుల్లో చూశానో, చున్నీ అలా పరచుకుని ఎగరదు. ముద్దగా చుట్టుకుని పక్కింటి యాంటెన్నాకి తగులుకుంటుంది. అందుకే నాకు పాత సినిమాలు ఇష్టం. 1957 'మాయాబజార్'లో శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడిగా సావిత్రి గారు చేసినదాన్ని సౌండ్ మ్యూట్ చేసి చూడండి. అదే మొహం, అదే అలంకారం, కానీ ఒంట్లో వేరే మనిషి. అప్పటిదాకా శశిరేఖ ఒదిగి, తగ్గి, సర్దుకుని ఉంటుంది. ఈ శశిరేఖ చోటు మొత్తం తనదే అన్నట్టు నిలబడుతుంది. ఆడతనం అంటే ఒంటికి నేర్పిన పద్ధతులే అని థియరీ పుస్తకాల్లో పేజీలు పేజీలు రాస్తారు కదా, ఆవిడ పెళ్లిపీటల మీద కూర్చుని, పెళ్లికొడుకు రేలంగిని అరిపించి మరీ చూపించేశారు.

ఇంకొకరు విజయశాంతి గారు. 1990లో వచ్చిన 'కర్తవ్యం'లో పోలీసు అధికారి, ఆ పాత్రకే జాతీయ ఉత్తమ నటి అవార్డు. అమ్మ ఆ సినిమా గురించి చెప్పేటప్పుడు ఫైట్ల గురించి చెప్పదు, ఖాకీ గురించి చెబుతుంది. "బెల్టు పెట్టుకుని, షర్టుకి రెండు జేబులతో, ఎంత హుందాగా ఉంటుందో" అని. చున్నీ తిన్నగా వెయ్యమనే మనిషికి ఆ యూనిఫాంలో జేబులు గుర్తున్నాయి.

ఒక్క విషయంలో మాత్రం నేనూ చున్నీకి భయపడతాను: బండి చక్రం. బైకుల వెనక చక్రం పక్కన ఉండే శారీ గార్డు కంపెనీవాళ్ల దయ అనుకునేదాన్ని. కాదు, వెనక కూర్చున్నవాళ్ల బట్టలు చక్రంలో చిక్కుకోకుండా కనీసం సగం చక్రం కప్పి ఉండాలని 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోనే ఉంది. మన కుర్రాళ్లు బండి షోరూమ్ నుంచి రాగానే చేసే మొదటి పని దాన్ని పీకేయించడం. ఎందుకురా అంటే "లుక్ పోతుంది అక్కా". నా ఫ్యాషన్ వల్ల దేశం పాడైపోతుందని లెక్చర్లు ఇస్తారు, వాడి ఫ్యాషన్ వల్ల నా మెడ బిగుసుకున్నా ఎవరికీ పట్టదు. ఆ గార్డు లేని బండి నేను ఎక్కను. మా తమ్ముడు మళ్లీ పెట్టించాడు, మొహం మాడ్చుకుని.

ఇక పిన్ని కూతురు చిన్నీ ఓణీల ఫంక్షన్. నాకు ఈ ఫంక్షన్లంటే చిరాకు. పిల్ల పెద్దదైందని సెంటర్లో ఫ్లెక్సీ కట్టి ఊరందరికీ చెప్పడం ఏంటి? పిన్నిని అడిగితే, "వాడికీ పంచెలు కట్టించాం కదే, సమానమే కదా" అంది. నిజమే, చిన్నీ వాళ్ల అన్నకీ చేశారు. వాడు మర్నాడు షార్ట్ వేసుకుని క్రికెట్‌కి పోయాడు. దీన్ని మాత్రం ఫంక్షన్ ఇంకా కాకముందే "ఓణీలేసే పిల్లవి, అలా గెంతకు" అనడం మొదలుపెట్టారు. వెళ్లకూడదనుకున్నాను. కానీ చిన్నీయే ఫోన్ చేసి, "అక్కా, డ్రెస్సు నువ్వే డిజైన్ చెయ్యాలి" అంది. అలా అడిగితే నా సిద్ధాంతాలన్నీ గాల్లో కలిసిపోతాయి, ఏం చెయ్యను.

మంగళగిరి పట్టు లంగా, పసుపు మీద ఆకుపచ్చ, పెద్ద నిజాం బోర్డర్. ఓణీ పెడన కలంకారీ. పట్టు మీద కాటన్ ఓణీ ఏంటని ముగ్గురు అత్తయ్యలు మూతి విరిచారు. చిన్నీకి ఒకటే కోరిక: జేబు కావాలి. తెనాలిలో పిన్ని వాళ్ల మాస్టర్ "లంగాకి జేబేంటమ్మా, ఉబ్బెత్తుగా కనపడుతుంది" అన్నాడు. పక్క కుట్టులో పెట్టండి, కుచ్చుల్లో కలిసిపోతుంది అన్నాను. గొణుక్కుంటూనే పెట్టాడు. చెయ్యి మణికట్టు దాకా దూరేంత లోతుగా, నేను అడిగినదానికంటే బాగానే పెట్టాడు.

ఫంక్షన్‌లో బాబాయి గుమ్మం దగ్గర నోట్‌బుక్ పట్టుకుని చదివింపులు రాసుకుంటున్నాడు. కొందరు స్టేజీ ఎక్కి అక్షింతలు వేసి కవరు పిల్ల చేతికే ఇస్తారు కదా, దాన్ని పిల్ల పక్కనున్న పెద్దవాళ్లకి ఇవ్వాలి, అది పద్ధతి. సాయంత్రం కవర్లు లెక్క చూస్తే తక్కువొచ్చాయి. బాబాయి క్యాటరింగ్ కుర్రాళ్లని అనుమానంగా చూడటం మొదలుపెట్టాడు. చిన్నీ కుర్చీలో కూర్చుని ఐస్‌క్రీమ్ తింటోంది, కుడిపక్క లంగా కొంచెం ఉబ్బి ఉంది.

"కవర్లేవే?" అంది పిన్ని.

"నా జేబులో ఉన్నాయి."

"ఇటివ్వు."

"ఫంక్షన్ నాదే కదమ్మా?"

చివరికి ఇచ్చింది. అన్నీ ఇచ్చిందని నేను ఒట్టు వెయ్యలేను. తర్వాత కొన్నాళ్లకి పిన్ని ఫోన్ చేసి అవీ ఇవీ మాట్లాడి, పెట్టేయబోతూ, తన లోపలి లంగాలకి కూడా అలాంటి జేబు పెట్టమంటే మాస్టర్ ఎంత తీసుకుంటాడో కనుక్కోమంది.