సగం ముఖం కదలనప్పుడు

నోరు పుక్కిలిస్తుంటే నీళ్లు ఎడమ వైపు నుంచి కారిపోయాయి. అద్దంలో చూసుకుంటే మూతి కుడి వైపుకు లాగేసి ఉంది, ఎడమ కన్ను మూతపడటం లేదు. పక్షవాతమేనని నా పై ప్రాణాలు పైనే పోయాయి.

డాక్టరు కనుబొమలు పైకెత్తమన్నారు. నుదురు కూడా ఎడమ వైపు కదలలేదు. అది చూసి ఆయన కాస్త తేలికపడ్డారు. మెదడులో దెబ్బయితే సాధారణంగా నుదురు కదులుతుందట. పరీక్షలన్నీ చూసి బెల్స్ పాల్సీ అని తేల్చారు. ఇందులో ముఖ కండరాలను కదిలించే ఏడో కపాల నరం చెవి వెనుక ఎముకలోని ఇరుకు దారిలో వాచి నలిగిపోతుంది. స్టెరాయిడ్ మాత్రలు 72 గంటల్లోపు మొదలుపెడితేనే గుణం బాగా ఉంటుందని వెంటనే రాసిచ్చారు.

"ఎప్పటికి తగ్గుతుంది?" అని అడిగాను.

"చాలామందికి పూర్తిగా తగ్గుతుంది. కొందరికి వారాలు, కొందరికి నెలలు. మీ సంగతి ఇప్పుడే చెప్పలేనమ్మా."

గడువు చెప్పి ఉంటే ఎంత కష్టమైనా ఓర్చుకునేదాన్ని. రాత్రి కంటికి మందు రాసి, రెప్ప మీద టేపు అంటించుకుని, తెల్లారితే ఏమైనా కదులుతుందేమోనని పడుకోవడం, లేచి నిరాశపడటం. జబ్బు వరమని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది.

మనుషుల బొమ్మలు గీయడం నా వృత్తి. పనులు ఆపేసి అద్దం ముందు నన్నే గీసుకోసాగాను. ముక్కు పక్క నుంచి పెదవి కొస దాకా దిగే మడత ఎడమ వైపు చెరిపేసినట్టు మాయమైంది. ఆ మడత, కింది రెప్ప బిగువు, బుగ్గ ఎత్తు కలిస్తేనే నవ్వని అప్పుడు కంటికి ఆనింది. జబ్బుకు పేరిచ్చిన స్కాట్లాండ్ వైద్యుడు చార్లెస్ బెల్ కూడా చిత్రకారుడే. ముఖంలో భావం పలికించే కండరాల గురించి 1806లో చిత్రకారుల కోసమే పుస్తకం రాశాడు. రేపటికి ముఖం ఎలా మారుతుందో తెలియనప్పుడు కొలతలు వేసుకుని ఏం లాభం? పెన్సిలు పక్కన పెట్టి నేరుగా సిరాతో గీశాను. గీతలు వణికాయి, చాలా బొమ్మలు చెడాయి. మిగిలినవాటిలో మాత్రం మునుపు నా చేతికి రాని జీవం ఉంది.

ఒకరోజు పెదవి కొస అదిరింది. నెలల మీద ముఖం దాదాపు కుదుటపడింది. నవ్వితే మాత్రం ఎడమ కన్ను చిన్నదవుతుంది. తిరిగి పెరిగిన నరపు పోగులు కొన్ని దారి తప్పి వేరే కండరాన్ని చేరాయట.

ఇప్పుడు బొమ్మ వేయించుకునేవారిని కదలకుండా కూర్చోమనడం లేదు, మాట్లాడుతూ ఉండమంటున్నాను. కాగితాలు మునుపటి కంటే చాలా ఎక్కువ ఖర్చవుతున్నాయి.