పెదనాన్న తవ్విన దారి

రాత్రి పర్లాకిమిడిలో కరెంటు వచ్చాక పెదనాన్నా నేనూ ఫోన్లో కలకత్తా మెట్రో మీద ఓ చిన్న డాక్యుమెంటరీ చూశాం. వయసులో ఉండగా ఆయన ఆ పనికి కూలీగా వెళ్ళాడు. చౌరంగీ రోడ్డును తవ్వి, రెండు వైపులా కాంక్రీటు గోడలు దించి, పైన కప్పేసి, మళ్ళీ రోడ్డు వేసేవారు. ఆ గోతులు కనబడగానే ఫోను నా చేతిలోంచి తీసేసుకున్నాడు. "వానాకాలం మోకాలి లోతు బురదరా" అన్నాడు. తర్వాత చాలాసేపు మాట్లాడలేదు.

1984 అక్టోబరు 24న ఎస్ప్లనేడ్ నుంచి భవానీపూర్ దాకా తొలి బండి నడిచింది. 3.4 కిలోమీటర్లు, 5 స్టేషన్లు, దేశంలోనే మొదటి మెట్రో. అప్పటికి పెదనాన్న ఊరొచ్చేశాడు. ఇక ఆయన ఎక్కిందల్లా మన నౌపడా–గుణుపురం చిన్న రైలే. తాను తవ్విన దారిలో ఒక్కసారి కూడా వెళ్ళలేదు. అది నాకు రాత్రే తెలిసింది.

2024లో హుగ్లీ నది కింద సొరంగం తెరిచారు. నది దాటడానికి సుమారు 45 సెకన్లు. ఆ ముక్క మూడుసార్లు వెనక్కి తిప్పించుకుని చూశాడు. "నీళ్ళ కింద ఊపిరాడుతుందా?" అని అడిగాడు.

దసరా తర్వాతకి టికెట్లు తీశాను. పలాసలో ఎక్కి హౌరాలో దిగుతాం. ముందు ఆయన తవ్విన దారి, ఆ తర్వాతే నది.