అత్తమ్మ స్టెంట్లు, నిమ్మకాయల సీజన్

కామెర్లంటే మా పొదలకూరు వైపు ఇప్పటికీ ముందు వినిపించేది పసరు మాటే. మా అత్తమ్మ కళ్లు పచ్చబడ్డాయని తెలియగానే ఒకరు ఫలానా ఊళ్లో పసరు పోస్తారన్నారు, ఇంకొకరు మణికట్టు మీద వాత పెట్టించమన్నారు. చప్పిడి పథ్యం సంగతి సరేసరి. ప్రేమతోనే చెప్పారు, కాదనను. కానీ అత్తమ్మకు అంతకు కొన్ని వారాల ముందే లాప్రోస్కోపీలో (చిన్న రంధ్రాల ఆపరేషన్‌లో) గాల్‌బ్లాడర్, అంటే పిత్తాశయం, తీసేశారు. ఆ ఆపరేషన్ తర్వాత కామెర్లు వస్తే ముందు పిత్తనాళం (కాలేయం నుంచి పైత్యరసాన్ని పేగులోకి తెచ్చే గొట్టం) సంగతి చూడాలి.

రాత్రిళ్లు ఒకటే దురద. మూత్రం ముదురు రంగు, మలం తెల్లగా. రక్తపరీక్షలో కాలేయ కణాలు దెబ్బతింటే పెరిగే ఎస్‌జీపీటీ కొద్దిగానే పెరిగింది, పైత్యరసం ఆగితే పెరిగే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ మాత్రం బాగా ఎక్కువ. అలా ఉంటే పైత్యరసం పోయే దారిలో ఎక్కడో అడ్డు ఉందని అనుమానిస్తారు. ఎమ్మార్‌సీపీలో (పిత్తనాళాలను చూపే ఎమ్మారై స్కాన్‌లో) అది కనిపించనే కనిపించింది. కాలేయం కుడి, ఎడమ వైపుల నుంచి వచ్చే నాళాలు కలిసే చోటుకు కాస్త కింద పిత్తనాళం సన్నబడిపోయి, ఆ పైనంతా ఉబ్బి ఉంది.

గాల్‌బ్లాడర్ తీసేటప్పుడు వేసే క్లిప్పు నాళాన్ని కాస్త పట్టేసినా, కోసే పరికరం కరెంటు వేడికి నాళానికి రక్తం అందకపోయినా ఇలా అవుతుందట. గాయం మానే కొద్దీ ఆ చోటు గట్టిపడి బిగుసుకుంటుంది. అందుకే ఇంటికి పంపే రోజున ఏమీ తెలియకపోవచ్చు. నాళం పూర్తిగా తెగిపోయి ఉంటే పేగును తెచ్చి కలిపే పెద్ద ఆపరేషన్ చేయాల్సి వచ్చేది. మాకు ఒక తీగ దూరే సందు మిగిలింది.

పినాకినీ ఎక్కి చెన్నై పోయాం. ఈఆర్‌సీపీకి (నోట్లోంచి గొట్టం పంపి పిత్తనాళాన్ని బాగుచేసే పద్ధతికి) ముందు విటమిన్ కె ఇంజెక్షన్ ఇచ్చారు. పైత్యరసం పేగులోకి రాకపోతే ఆ విటమిన్ ఒంటికి పట్టదు, రక్తం గడ్డకట్టడం తగ్గుతుంది. తర్వాత నోట్లోంచి గొట్టాన్ని చిన్నపేగు మొదటి భాగం దాకా పంపారు. మామూలు ఎండోస్కోపీలా కాకుండా దీని కెమెరా పక్కకు చూస్తుంది, పిత్తనాళం తెరుచుకునేది పేగు పక్కగోడలో కాబట్టి. అక్కడ చిన్న కోత పెట్టి, సన్నటి తీగ ఎక్కించి, బెలూన్‌తో వెడల్పు చేసి, ప్లాస్టిక్ స్టెంట్లు (నాళాన్ని తెరిచి ఉంచే సన్నటి గొట్టాలు) పెట్టారు.

"తోటలో డ్రిప్పు పైపు పూడితే మేమూ తీగ పెట్టే పొడుస్తాం గదయ్యా" అన్నారు అత్తమ్మ. డాక్టర్ నవ్వి, "మీ పైపు మళ్లీ తనంతట తాను బిగుసుకోదమ్మా, ఇది బిగుసుకుంటుంది" అన్నారు. అందుకే స్టెంట్లు ఏడాది పాటు ఉండాలి. స్టెంటు లావును ఫ్రెంచ్ అనే కొలతలో చెబుతారు; 10 ఫ్రెంచ్ అంటే మూడు మిల్లీమీటర్లకు కాస్త పైన. మడ్డి పట్టి మూసుకుపోతాయని మూడు నెలలకోసారి పాతవి తీసి, వీలైతే ఇంకొకటి కలిపి పెడతారు. తొడుగున్న మెటల్ స్టెంటయితే నెలల తరబడి ఒకటే ఉంచొచ్చు. కానీ నాళాలు కలిసే చోటుకు దగ్గర కాబట్టి, అది పక్క కొమ్మను మూసేస్తుందేమోనని మాకు ప్లాస్టిక్కే అన్నారు.

మొదటిసారి ఆ రాత్రికే కడుపునొప్పి మొదలైంది. ఈఆర్‌సీపీ తర్వాత కొందరికి క్లోమం (పాంక్రియాస్) వాయడం ఉండేదే. అది రాకుండా డైక్లోఫెనాక్ బిళ్ల మలద్వారంలో పెట్టారు, అయినా కొద్దిగా వచ్చింది. సెలైన్లతో తగ్గింది. ఆ రాత్రి టెన్షన్ గురించి రాయను.

అసలు గొడవ ఇంటి దగ్గర. ఒకసారి స్టెంట్లు మార్చే తేదీ సరిగ్గా ఎండాకాలంలో, నిమ్మకాయకు రేటు పలికే రోజుల్లో పడింది. "నొప్పి లేదు, పచ్చ లేదు, ఇప్పుడు మద్రాసుకు ఏంది మే?" అని అత్తమ్మ. మామయ్య కూడా ఆమె వైపే. డిశ్చార్జి షీటు చూస్తే చివర ఇంగ్లీషులో 'మూడు నెలలకు రివ్యూ' అనే ఉంది. రివ్యూ అంటే మావాళ్లకు బీపీ చూపించుకుని రావడమే. స్టెంటు మార్చకపోతే మూసుకుపోయి చీము పట్టి ప్రాణం మీదికి రావచ్చని అదే కాగితం మీద తెలుగులో రాసివ్వడానికి ఏం అడ్డమో నాకు అర్థం కాదు. చివరికి డాక్టర్‌కి ఫోన్ చేసి స్పీకర్ ఆన్ చేశాను. నిమ్మకాయల కోత మామయ్యకు అప్పజెప్పి బయల్దేరాం.

ఇప్పుడు లోపల స్టెంట్లు లేవు. నాళం మళ్లీ సన్నబడే అవకాశం ఉంది కాబట్టి ఎల్‌ఎఫ్‌టీ (కాలేయం పనితీరు చూసే రక్తపరీక్ష) చేయిస్తూ ఉన్నాం. చలిజ్వరం గానీ వస్తే పారాసిటమాల్ వేసి చూద్దామని కూర్చోకుండా అదే రోజు ఆస్పత్రికి తీసుకురమ్మన్నారు. నేను స్కూలుకి పోయినప్పుడు ఇంట్లో ఉండేది మామయ్యే కాబట్టి, ఆ మాట ఆయనతో రెండుసార్లు చెప్పించుకున్నాను.