చీటీ రాసుకో, ఆదివారం చూద్దాం

శ్రీకాకుళం ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర సందులో మాది చిన్న కిరాణా కొట్టు. ముందు కొట్టు, వెనక ఇల్లు. ఇలాంటి ఇంట్లో నాలుగేళ్ల పిల్లాణ్ని పెంచడం ఏమిటో పెంచినవాళ్లకే తెలుసు. జీళ్ల సీసా, బిస్కత్తుల డబ్బా సరిగ్గా వాడి ముక్కుకి ఎదురుగా ఉంటాయి. అడిగింది ఇవ్వకపోతే నేల మీద పడి దొర్లేవాడు. అదీ బేరం జోరుగా ఉండే సాయంత్రం పూటే. సరుకులకి వచ్చినవాళ్లు ఊరుకుంటారా! "పోన్లే బాబూ, గుంటడు ఏడుస్తన్నాడు, ఒకటి ఇచ్చీ" అని సిఫారసు. పక్కింటి అప్ప అయితే తన డబ్బులతో కొనిపెట్టేసేది. నలుగురూ ఉన్నప్పుడు ఏడిస్తే పని జరుగుతుందని వాడు బాగానే కనిపెట్టాడు.

చదువు సంగతి ఇంకోలా ఉండేది. వసంత పంచమికి పళ్లెంలో బియ్యం పోసి అక్షరాభ్యాసం చేయించాం. నర్సరీలో వేశాక రోజూ పేజీ నిండా ఒకే అక్షరం రాసుకురమ్మనేవారు. ఋ, ౠ దగ్గరికొచ్చేసరికి వాడికీ వాళ్లమ్మకీ ఇద్దరికీ కళ్లనీళ్లే. ఆ అక్షరాలతో నాలుగేళ్లవాడికి పనికొచ్చే మాట ఒక్కటి చెప్పమంటే నాకూ తోచలేదు. అంగన్‌వాడీలో పనిచేసే మా ఆవిడ పిన్ని ఒకటే చెప్పింది: "ఇప్పట్నుంచీ రాయించకండి, ఏరించండి." పెన్సిల్ పట్టడానికి కావలసిన పట్టు ఆ వయసు వేళ్లకి ఇంకా పూర్తిగా రాదట. చింతపిక్కలు, శనగలు, పెసలు కలిపి పోసి వేరుచెయ్యమంటే ఆ పట్టు ఆటలోనే వస్తుందట. కొట్లో వీటికి కొదవా? గోనె సంచి పరిచి వాణ్ని కూర్చోబెడితే, దొర్లే వేళలో కొంత పనివేళ అయింది.

అసలు దారి మాత్రం చీటీల వల్ల దొరికింది. నెల సరుకులకి జనం చీటీలు తెస్తారు. నేను చూసి ఒక్కొక్కటీ కట్టి టిక్కు పెడుతుంటే మావాడు కళ్లార్పకుండా చూసేవాడు. కాగితం మీద ఉన్నది తప్పకుండా సంచిలోకి వస్తోంది కదా! ఒక సాయంత్రం దొర్లుడు మొదలవబోతుంటే వాడి చేతికి కాగితం, పెన్సిల్ ఇచ్చి, "నీక్కావలసినవి చీటీ రాసుకో నాన్నా. ఆదివారం చూసి అందులో ఒకటి ఇస్తాను" అన్నాను. కోడి కెలికినట్టు ఏదో గీశాడు. ఏం రాశావో చదవమంటే, "జీళ్లు, బిస్కత్తు, ఇంకా బస్సు" అని గంభీరంగా చదివాడు. వాడి గీతల కింద అవే మాటలు నేను రాసి, కాగితాన్ని మేకుకి గుచ్చాను.

వెంటనే మారిపోయాడని చెప్పను. మొదటి వారాల్లో ఏడుపు పెరిగింది. ఇన్నాళ్లూ పనిచేసింది ఇప్పుడెందుకు పనిచెయ్యడం లేదో గట్టిగా ఏడ్చి చూసుకుంటాడు గదా. అప్పుడు ఇంట్లో ఒక్కరు మెత్తబడినా అంతా మొదటికే. మా ఆవిడా నేనూ ఒక్కమాట మీదే ఉన్నాం. కష్టమల్లా మా అమ్మతోనే. వంటింట్లోకి పిలిచి కొంగు చాటున బెల్లం ముక్క పెట్టేసేది. బేరాలవాళ్లకైతే "చీటీ రాశాడండీ, ఆదివారం ఇస్తాను" అని నవ్వుతూ చెప్పేవాణ్ని. పోనుపోనూ వాళ్లే వాణ్ని "చీటీ రాసినావేటి?" అని అడగడం మొదలెట్టారు. ఆదివారం మాత్రం ఎంత పనిలో ఉన్నా తప్పేవాణ్ని కాదు. చీటీ వాడి చేతే చదివించి ఒకటి ఇచ్చేవాణ్ని. తమాషా ఏమిటంటే, సోమవారం ప్రాణం పోయేంతగా అడిగిన బిస్కత్తు ఆదివారానికి వాడికే అక్కర్లేకపోయేది.

మా అమ్మకి బెల్లం ముక్క బదులు కథ అప్పజెప్పాం. రాత్రి ఆవిడ పక్కలోనే వాడి పడక. ఏడు చేపల కథ రోజూ చెప్పాల్సిందే, ఒక్క మెట్టు దాటేసినా పట్టేస్తాడు. చెల్లెల్ని కొట్టినప్పుడు నేను "ఎందుకు కొట్టావురా?" అంటే బిగుసుకుపోయేవాడు. అమ్మ అదే కథ వరసలో, "చెయ్యీ చెయ్యీ, ఎందుకు కొట్టావు?" అని అడిగేది. "బొమ్మ లాక్కుంది." "బొమ్మా బొమ్మా, ఎందుకు ఆ పిల్ల చేతికి వెళ్లావు?" "అన్నయ్య తనకి ఇవ్వలేదట." అంతా వాడే చెప్పేవాడు. కోపానికి మాట దొరికాక చెయ్యి లేవడం తగ్గింది. నా దృష్టిలో వాడి చదువుకీ బుద్ధికీ ఎక్కువ మేలు చేసింది ఈ కబుర్లే, పేజీలు కావు.

ఫోను గురించి పెద్దగా చెప్పేదేం లేదు. రెండు నుంచి నాలుగేళ్లవాళ్లు కూర్చుని తెర చూడటం రోజుకి గంట మించొద్దనీ, ఎంత తగ్గితే అంత మంచిదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. మా ఇంట్లో అన్నం తినేటప్పుడు, పడుకునేటప్పుడు ఎవరి చేతిలోనూ ఉండదు, నా చేతిలో కూడా.

ఇక అక్షరాలు. పుస్తకాల్లో ఒత్తులు ఆఖరున వస్తాయి. మావాడికి ముందు పట్టుబడింది ‘ప్పు’! డబ్బాలన్నిటికీ పెద్ద అక్షరాలతో పేర్లు అంటించాను. ఉప్పు, కందిపప్పు, జీడిపప్పు, అన్నిటికీ తోక ఒకటే. ‘పంచదార’ ‘ఉప్పు’ కంటే పొడుగ్గా ఉన్నా తేలిక. చీటీలో కెలుకుళ్ల మధ్య ఒక ‘బ’ కనిపించింది. అదే బస్సు. గుణింతం లేదు, ఒత్తు లేదు, అయినా దిద్దలేదు. కింద నేను ‘బస్సు’ అని పూర్తిగా రాసి ఊరుకున్నాను.

బస్సుల పిచ్చి కూడా పనికొచ్చింది. సాయంత్రం కాస్సేపు కాంప్లెక్స్‌లో నిలబడి బోర్డులు చదువుకునేవాళ్లం. పలాస, పాలకొండ: మొదటి అక్షరానికి దీర్ఘం ఉందా లేదా అన్నదే ఆట. రాజాంకి పక్కన సున్న. ‘ఆమదాలవలస’ను చూసి పెద్దవాళ్లు జంకుతారు గానీ, అందులో గుడి లేదు, కొమ్ము లేదు, ఒత్తు లేదు. అది కూడబలుక్కుని చదివిన రోజు కండక్టరుకి కూడా వినిపించి వచ్చాడు. టెక్కలి దగ్గర చాన్నాళ్లు ఆగాడు. మన ఊరి పేరైతే అన్నిటికంటే ఆఖర్న వచ్చింది. ‘శ్రీ’ అంటే మాటలా!

కథల పుస్తకంలో ‘ఏమిటి’ అని ఉంటే వాడు ‘ఏటి’ అని చదివేవాడు. బళ్లో ఇంటి యాస మాన్పించమన్నారు. నేను మాన్పించలేదు. అర్థమైంది కాబట్టే తన మాటలో చదివాడు. రెండోసారి వేలు పెట్టి చూపిస్తే పుస్తకంలో ఉన్నట్టే చదివేవాడు. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామ్మూర్తి పంతులు 1863లో పుట్టింది శ్రీముఖలింగం పక్కన పర్వతాలపేటలో. ఆ గడ్డ మీద పిల్లాడు ‘ఏటి’ అంటే దండించడమేమిటి?

ఇప్పుడు ఐదు నిండాయి, కనిపించిందల్లా చదివేస్తున్నాడు. మొన్న ఖాతా ఉన్న ఒక మామ్మ వచ్చి పప్పు అడుగుతుంటే, నా తల మీది బోర్డు చూసి "అ-రు-వు రే-పు" అని గొంతెత్తి చదివాడు. "ఓలమ్మ, సదువొచ్చీసిందేటి నీకు!" అని ఆవిడ నవ్వేసింది గానీ నాకు తల కొట్టేసినట్టయింది. బోర్డు తీసెయ్యమంది మా ఆవిడ. తియ్యలేదు. మనుషుల ముందు అలాంటివి గట్టిగా చదవకూడదనీ, నా చెవిలో చెప్పమనీ అన్నాను. చెవిలోనే చెబుతున్నాడు, కాకపోతే గొంతు మాత్రం ఇంకా తగ్గించలేదు.