బోదె మీద పడిన మామిడి

ఈ రోజంతా పెరట్లో చైన్ సా చప్పుడే. మొన్నటి గాలికి మా మామిడిచెట్టు బోదె మీద, అంటే పక్కనున్న చిన్న కాలువ మీద, అడ్డంగా పడిపోయింది. దాని పక్కన కొబ్బరిచెట్టుని ఎర్రముక్కు పురుగు ఎప్పుడో తినేసింది, మొవ్వు ఊడి మోడులా నిలబడి ఉంది. రెండూ తీయించేద్దామని నాన్నగారు అంబాజీపేట నుంచి రంపం మేస్త్రిని పిలిపించారు. మా తమ్ముడి కొడుకు ఈ పని నేర్చుకుంటానని కొన్నాళ్లుగా ఆయన వెనకే తిరుగుతున్నాడు. వాడికి ఆయన ఏం చెబుతాడో నా చెవులతో నేను వినాలనిపించింది. వంట తొందరగా కానిచ్చి గట్టు మీదకి వెళ్లాను.

"అమ్మాయిగారూ, అక్కడ కాదండి, ఇంకా వెనక్కెళ్లాలి. చెట్టు ఎత్తుకి రెండింతల దూరంలో మనిషి ఉండకూడదండి" అన్నాడు మేస్త్రి. నాన్నగారిని కూడా లేపి అరుగు మీదకి పంపేశాడు. అక్కడే ఆయన మీద నాకు గురి కుదిరింది.

ముందు కొబ్బరి. చెట్టు ఎటు పడాలో అటువైపు మొదట గాటు పెట్టాలట. గాటంటే పైనుంచి ఏటవాలుగా ఒక కోత, కింద మట్టంగా ఒక కోత, మధ్య ముక్క ఊడి వచ్చేస్తుంది. లోతు చెట్టు లావులో పావు వంతు దాటకూడదు. ఆ తర్వాత వెనకవైపు నుంచి ఇంకో కోత, గాటు అడుగుకన్నా కాస్త ఎత్తులో. ఈ వెనక కోత గాటుని కలిసేదాకా పోకూడదు, లావులో పదో వంతు చెక్క వదిలేయాలి. తలుపుకి బందు ఎలాగో చెట్టుకి ఆ వదిలిన చెక్క అలాగ. పడేటప్పుడు దాన్ని పట్టుకునే చెట్టు ఒరుగుతుంది. ఆత్రంగా అదీ కోసేస్తే చెట్టు ఎటు తిరుగుతుందో ఎవరి చేతిలోనూ ఉండదు. అడుగు లావు చెట్టుకి ఆ వదలాల్సింది అంగుళం పైచిలుకు, అంతే. ఇవాళ విన్నవాటన్నిటిలో నా మనసులో నాటుకుపోయింది ఆ అంగుళమే.

కొబ్బరి గురించి ఇంకోమాట. దానికి మామిడికీ టేకుకీ ఉన్నట్టు వలయాలుండవు, నడిమధ్య చేవా ఉండదు. గట్టిదనమంతా బెరడు పక్కనే, లోపలికి పోయేకొద్దీ మెత్తన. ఆ పైచెక్క గొలుసు పళ్లని ఇట్టే మొద్దుబారుస్తుంది. 1996 నవంబరు 6 తుఫానుకి కోనసీమలో కొబ్బరితోటలు నేలకొరిగాయి. అప్పుడు చేతిరంపాలతో ఆ మానులు కోస్తుంటే ఆకురాయి పెట్టడానికే సగం పొద్దు పోయేదని నాన్నగారు అరుగు మీంచి చెప్పారు.

అసలు పని మామిడి దగ్గర మొదలైంది. కొమ్మలు కొట్టేశాక దుంగ ఒక కొస ఈ గట్టు మీద, ఇంకో కొస ఆ గట్టు మీద ఆనింది. నడుం కింద ఖాళీ, బోదెలో నీళ్లు. పిల్లాడు రంపం పైన ఆనించబోతే మేస్త్రి చేత్తో ఆపాడు. "ఒరేయ్, ఆగు. ముందు చెప్పు, ఇది ఎటు మూసుకుంటుంది?"

రెండు కొసలూ ఆనితే దుంగ తన బరువుకి మధ్యలో కుంగుతుంది. పైపక్క నొక్కుకుంటుంది, కిందపక్క సాగుతుంది. పైనుంచే కోసుకుంటూ పోతే కోత నోరు మూసుకుని, గొలుసు చుట్టూ తిరిగే ఇనప పట్టీని, అదే బార్‌ని పట్టేస్తుంది. అందుకని పైనుంచి మూడో వంతు దాకా కోసి, మిగతాది కిందనుంచి పైకి కోయాలి. ఒక కొసే ఆని రెండోది గాల్లో వేలాడితే అంతా తిరగబడుతుంది. అప్పుడు మూడో వంతు ముందు కింద, తర్వాత పైన. పిల్లాడు కాసేపు దుంగ చుట్టూ తిరిగి చూసి, సరిగ్గానే చెప్పాడు. "ఆయ్, అదీ!" అన్నాడు మేస్త్రి. వాణ్ని కోయనిచ్చాడు కానీ బార్ ముక్కు పైభాగం దేనికీ తగలకూడదని మరీమరీ చెప్పాడు. అక్కడ పళ్లు తగిలాయంటే రంపం ఒక్కసారిగా మొహం మీదకి తన్నుతుంది. ఎడమచేతి బొటనవేలు ముందు పిడి చుట్టూ బిగిసి ఉండాలి, మనిషి బార్ వరసలో కాకుండా పక్కగా నిలబడాలి.

మధ్యాహ్నం భోజనాల దగ్గర ఈ కోత మూసుకుపోయే సంగతి మళ్లీ వచ్చింది. వడ్రంగుల సర్క్యులర్ సా తన్నేదీ చాలాసార్లు ఇందుకేనట. నార వెంబడి పోయే నిలువుకోతలో చెక్క రెండుగా విడిపోతూ లోపలి బిగువుకి దగ్గరకొస్తుంది, తిరిగే బ్లేడుని నొక్కేస్తుంది. అందుకే బల్ల రంపానికి బ్లేడు వెనకాల సన్నటి రేకు ఉంటుంది, కోత మూసుకోకుండా. చాలామంది అడ్డమని దాన్ని ఊడదీసి పనిచేస్తారు. అది మహా పాపం అంటాను నేను. నారకి అడ్డంగా కోసే అడ్డకోతకి పళ్లు దగ్గరదగ్గరగా ఎక్కువ కావాలి, నిలువుకోతకి తక్కువ పళ్లు చాలు. చేత్తో పట్టుకునే సర్క్యులర్ సాలో పళ్లు కిందనుంచి పైకి కోస్తాయి, కాబట్టి చెక్కలో మంచి మొహం కిందకి పెట్టుకోవాలి. పలక కొలిచేటప్పుడు కోతలో పొట్టుగా పోయే రెండు మూడు మిల్లీమీటర్లూ లెక్కలో వేసుకోవాలి, గీతకి ఏ పక్కన కోయాలో ముందే గుర్తు పెట్టాలి. పిల్లాడు ఇవన్నీ ఫోన్‌లో రాసుకున్నాడు.

మామిడి దుంగల్లో రెండు బాగున్నాయి, నడవాలోకి బల్ల అవుతుంది. మామిడి ఊరికే పడేస్తే నల్లబడుతుంది, పురుగు పడుతుంది. అందుకని రేపే మిల్లుకి పంపమన్నాను. కొసలు పగలకుండా వాటికి రంగు పూయించాను. పిల్లాడికి కళ్లద్దాలకీ చెవులకి పెట్టుకునేవాటికీ కాళ్లకి గట్టి బూట్లకీ డబ్బులిచ్చాను. అవి కొని చూపించేదాకా మేస్త్రి గారు వాడికి రంపం ఇవ్వరు. ఆ మాట ఆయన దగ్గర తీసుకున్నాకే టీ గ్లాసు చేతికిచ్చాను.