రాత్రి పడవ ఎక్కడ పడుకుంటుంది?

రెండో రోజు సాయంత్రం ఒడ్డుకి చేరేసరికి మా నలుగురిలో నడుం కింద పొడిగా ఉన్నవాళ్ళు ఒక్కరూ లేరు. లంగరు వేసిన చోటు నుంచి ఒడ్డు కిలోమీటరు కూడా ఉండదు. గాలి ఎదురుగా ఉంది కానీ భయపడేంత కాదు. అయినా రెండున్నర హార్స్‌పవర్ మోటారు ఏడుస్తూ ఏడుస్తూ ఇరవై నిమిషాలు లాగింది. అడుగున కూడా గాలే ఉన్న ఆ పాత పడవ ప్రతి అలకీ నడుం వంచి, నీళ్ళు దోసిళ్ళతో పట్టి మా ఒళ్ళో పోసింది. అక్క చెప్పులు చేత్తో పట్టుకుని ఇసకలో నిలబడి బావ వైపు చూసింది. ఏమీ అనలేదు. అనకపోవడంతోనే బావ సగం చచ్చాడు.

బావకి 12 మీటర్ల తెరచాప యాట్ ఉంది. యాట్‌ని లోతు నీళ్ళలో లంగరు మీద వదిలి ఒడ్డుకి రాకపోకలకి వాడే చిన్న పడవని టెండర్ అంటారు. బావ టెండర్ ఏళ్ళ తరబడి ఎండలో నానిన పీవీసీ పడవ. దాని బదులు ఆర్‌ఐబీ కొనాలని ఆయన చాలాకాలంగా అనుకుంటున్నాడు. రేవుల్లో అందరూ దాన్ని ‘రిబ్’ అనే అంటారు. అడుగు గట్టిగా, పడవలా కోసుగా ఉంటుంది. చుట్టూ గాలి గొట్టాలు ఉంటాయి. కొనేముందు తొమ్మిది రోజులు దీవుల మధ్య తిరిగి, ఆగిన ప్రతిచోటా పక్కవాళ్ళ టెండర్లు చూసి, వీలైతే ఎక్కి తేల్చుకుందామన్నది పథకం. నేను మాత్రం ఖర్చులేని విహారం అనుకుని వెళ్ళాను. అది వాళ్ళకీ తెలుసు.

మూడో రోజు తెల్లారి డెక్ మీదకి వచ్చి చూస్తే టెండర్ గొట్టాలు మెత్తగా వేలాడుతున్నాయి. ఎక్కడో చిల్లు పడిందని బావ తేల్చేశాడు. సబ్బు నీళ్ళు కలిపి, నేనూ మేనకోడలూ గొట్టాలన్నీ తడిపి బుడగల కోసం వెతికాం. గంటసేపు వెతికినా ఒక్క బుడగ లేదు. మధ్యాహ్నానికి అవే గొట్టాలు డప్పులా బిగిశాయి. అసలు సంగతి చలీ ఎండా. ఇలాంటి గొట్టాల్లో పీడనం పావు బార్ దగ్గర, అంటే 250 మిల్లీబార్ల దగ్గర ఉంటుంది. లోపలి గాలి ఒక్క డిగ్రీ చల్లబడితే సుమారు నాలుగు మిల్లీబార్లు పోతాయి. మధ్యాహ్నపు ఎండకీ తెల్లవారుజాము నీటికీ ఇరవై డిగ్రీల తేడా ఉందంటే మూడో వంతు బిగువు దానంతటదే పోయినట్టే. తెల్లారి చల్లగా ఉన్నప్పుడు బిగుతుగా పంపు కొట్టి ఎండలో వదిలేస్తే అటుపక్క ప్రమాదం, అతుకులు విచ్చుకుంటాయి. “అయితే మావయ్యా, పడవకి జ్వరం తగ్గిందన్నమాట” అంది మేనకోడలు.

ఆ మధ్యాహ్నమే టెండర్‌ని తాడు కట్టి వెనక లాక్కుంటూ పక్క దీవికి బయల్దేరాం. ఇది చాలామంది చేసే బద్ధకం. వేగంలో అర నాట్, అంటే గంటకి దాదాపు కిలోమీటరు, పోతుంది, పోతే పోనీ అనుకుంటారు. మోటారు విప్పి యాట్ వెనక కమ్మీకి బిగించుకోవడం మా అదృష్టం, ఎందుకంటే ఒక కొండకొమ్ము దాటగానే గాలి గట్టిగా కొట్టింది. ఖాళీ పడవ పల్లెంలా లేచి బోర్లా పడింది. బోర్లాపడ్డ పడవని లాగడమంటే బకెట్‌ని లాగడమే. తాడు ఒక్క కుదుపు కుదిపింది. ముందున్న ఇనుప రింగు, దాన్ని అతికించిన గుండ్రటి ముక్కతో సహా, ఊడి చేతికొచ్చింది. మేం వెనక్కి తిరిగి దాన్ని పట్టుకోవడానికి పడ్డ పాట్లు రాస్తే ఇంకో యాత్రానుభవం అవుతుంది. తాడు నీటి మీద తేలే రకం కాబట్టి ప్రొపెల్లర్‌కి చుట్టుకోలేదు, అంతే.

నాలుగో రోజు లంగరు వేసిన అఖాతంలో మాకు పక్కగా 16 మీటర్ల యాట్ ఒకటి ఆగి ఉంది. దాని యజమాని రిటైరైన పెద్దాయన. మా ఊడిన రింగు చూసి జాలిపడి, జిగురు డబ్బాతో తానే వచ్చాడు. వస్తూనే అడిగిన మొదటి ప్రశ్న: “ఇది పీవీసీయా, హైపలానా?” గాలి గొట్టాలు చేసే సరుకులివి: పీవీసీ ప్లాస్టిక్, హైపలాన్ ఒక రకం కృత్రిమ రబ్బరు. ఒకదాని జిగురు ఇంకోదానికి పనికిరాదట. పీవీసీ ముక్కల్ని వేడితో కరిగించి అతికిస్తారు, చవగ్గా వస్తుంది, తేలిగ్గా ఉంటుంది. కానీ విపరీతమైన ఎండల్లో కొన్నేళ్ళకి జిగటగా మారుతుంది, లేదా పెళుసెక్కుతుంది. హైపలాన్ ఎండని బాగా తట్టుకుంటుంది. దాని అతుకులన్నీ చేత్తో జిగురు పెట్టి వేయాల్సిందే, అందుకే ఖరీదు. డూపాంట్ కంపెనీ 2010లోనే ఆ పేరుతో తయారీ ఆపేసింది. అదే రకం పదార్థం వేరేవాళ్ళు చేస్తున్నారు, జనం మాత్రం పాత పేరే పట్టుకున్నారు.

పెద్దాయనకి కథలు కూడా ఇష్టం. రిబ్ పుట్టుక ఆయనే చెప్పాడు. 1960లలో వేల్స్ తీరంలోని అట్లాంటిక్ కాలేజీలో పిల్లలు గాలి పడవల్ని రాళ్ళ ఒడ్డు మీదకి ఈడ్చి ఈడ్చి వాటి అడుగులు చింపేసేవారు. అక్కడి హెడ్మాస్టరు, నౌకాదళంలో రియర్ అడ్మిరల్‌గా చేసిన డెస్మండ్ హోర్ ఆ అడుగుల చోట ప్లైవుడ్ బిగించే ప్రయోగాలు చేయించాడు. అడుగు చిరగకపోవడం ఒక ఎత్తు, పడవ అలల్ని కోసుకుంటూ పోవడం ఇంకో ఎత్తు అయింది. ఆ పడవ పేటెంట్ హక్కుల్ని ఆయన బ్రిటన్ లైఫ్‌బోట్ సంస్థ ఆర్‌ఎన్‌ఎల్‌ఐకి ఒక్క పౌండుకి ఇచ్చేశాడు. అట్లాంటిక్ 21 అనే రక్షణ పడవ 1972లో సేవలోకి వచ్చింది. చిరిగిన అడుగుల నుంచి ప్రాణాలు కాపాడే పడవ పుట్టిందని వింటూ, మా ఊడిన రింగు వైపు నేను కాస్త గౌరవంగా చూశాను.

తర్వాత తన రిబ్ ఎక్కించాడు. 3.4 మీటర్ల ఫైబర్‌గ్లాస్ పడవ, 20 హార్స్‌పవర్ మోటారు. నలుగురం ఎక్కాక ఆయన పిడి తిప్పగానే ముక్కు ఒక్క క్షణం పైకి లేచి, మళ్ళీ వాలి, పడవ నీటి మీదకి ఎక్కి కూర్చుంది. నీటిని తోసుకుంటూ పోవడం మానేసి నీటి పైన జారుతూ పోవడమే ప్లేనింగ్. పాత పడవలో కిలోమీటరుకి పట్టిన ఇరవై నిమిషాలు ఇక్కడ రెండు నిమిషాలైంది. ఒక్క చుక్క ఒంటి మీద పడలేదు, లావుపాటి గొట్టాలు తుంపర్లని పక్కకి కొట్టేశాయి. “ఇదే కావాలి” అంది అక్క. మేనకోడలికి నడిపే అవకాశం కూడా ఇచ్చాడు, కానీ కిల్‌కార్డ్ దాని కాలికి కట్టాకే. మనిషి నీళ్ళలో పడితే ఆ తీగ ఊడి మోటారు ఆగిపోతుంది. లేకపోతే ఖాళీ పడవ గుండ్రంగా తిరుగుతూ, తిరుగుతున్న ప్రొపెల్లర్‌తో పడ్డవాడి మీదకే వస్తుంది.

ఆ సాయంత్రమే మా అభిప్రాయం మారింది. రాత్రికి గాలి పెరుగుతుందని తెలిసి, పెద్దాయన రిబ్‌ని పైకెత్తడానికి సాయం అడిగాడు. ఆయన యాట్ వెనక డేవిట్లు, అంటే పడవని వేలాడదీసే రెండు ఇనుప చేతులు, ఉన్నాయి. పడవ 80 కిలోలు, మోటారు 50, ఇంధనం ట్యాంకు, లంగరు, గొలుసు, తాళం కలిపి ఇంకో 25. ఆ బరువుకి కప్పీలు కిర్రుమంటుంటే మేం నలుగురం, ఆయన ఒకరు, చెమటలు కక్కుకుంటూ లాగాం. ఆయనది 16 మీటర్ల యాట్ కాబట్టి చెల్లింది. మా యాట్ వెనక నీళ్ళలోకి దిగే నిచ్చెన, గాలివాటుని బట్టి తిరిగే చుక్కాని, సోలార్ పలకలు ఉన్నాయి. అక్కడ డేవిట్లకి చోటు లేదు. వెనక వేలాడే బరువుని పెద్ద అల వచ్చి తాకితే ఏమవుతుందో ఆలోచించాల్సిన వేరే సంగతి.

“రాత్రి ఇది ఎక్కడ పడుకుంటుంది?” అని అక్క అడిగింది ఆ రాత్రే. తొమ్మిది రోజుల్లో అడిగిన ప్రశ్నలన్నిటిలో పనికొచ్చింది ఇదొక్కటే అని నా అభిప్రాయం. వేగం, గొట్టం మందం, సీటు రంగు, అన్నీ దీని తర్వాతే.

ఐదో రోజు పొద్దున్నే పడవని బోర్లించి పెట్టడానికి చోటుందేమోనని ఓ దారానికి ముళ్ళు వేసి ముందు డెక్ కొలిచాం. తెరచాప స్తంభం మొదలు నుంచి లంగరు గొలుసు పెట్టె దాకా 3 మీటర్ల పది సెంటీమీటర్లు. సరిపోతుందని బావ సంబరపడ్డాడు. కానీ మధ్యలో ముందు గదికి కిటికీ మూత ఉంది. రాత్రి గాలి కోసం దాన్ని తెరవాలి, పొరపాటున లోపల నిప్పంటుకుంటే మనిషి బయటకి దూకే దారి కూడా అదే. దాని మీద పడవ బోర్లిస్తే ఆ దారి మూసుకున్నట్టే. పడవ ముక్కుని కాస్త ముందుకి జరిపి, మూత సగమైనా తెరుచుకునేలా ఆనించాలంటే 2.7 మీటర్లకి మించకూడదు. పైగా లోతైన కోసు అడుగు ఉన్న పడవ బోర్లిస్తే ఎత్తుగా లేచి నిలుస్తుంది, చుక్కాని దగ్గర నిలబడ్డవాడికి ముందు ఏముందో కనిపించదు. వెనక పలక మడిచేలా ఉన్న రకాలు తక్కువ ఎత్తులో సర్దుకుంటాయి. ఆ ముక్క బావ నోట్‌బుక్‌లో రెండుసార్లు గీత గీసి రాసుకున్నాడు.

ఏడో రోజు ఓ పెద్ద రేవులో అమ్మకానికి ఉన్న పడవల్ని ఒక్కొక్కటే నీళ్ళలో దింపి చూశాం. అమ్మేవాడు మోటారు బరువు కలపకుండానే ప్రతిదాన్నీ తేలికంటాడు, గుర్తుపెట్టుకోండి. ప్రతి పడవ వెనక పలక మీదా ఎంతమంది ఎక్కవచ్చో, ఎంత బరువు మోయగలదో, ఎంత హార్స్‌పవర్ దాటకూడదో రాసి ఉంటుంది. ఆ అంకెల్లో మనిషంటే 75 కిలోలు. సామాను, నీళ్ళ డబ్బాలు కలిపితే నలుగురి పడవ ముగ్గురి పడవ అవుతుంది.

2.7 మీటర్ల అల్యూమినియం అడుగు రిబ్ దగ్గర ఆగాం. నలభై కిలోలకి లోపే. నేనూ బావా చెరో పక్క పట్టుకుని ఇసక మీదకి మోశాం. రాళ్ళకి కొడితే ఫైబర్ అడుగు గీతలు పడుతుంది, అల్యూమినియం సొట్ట పడుతుంది. రెంటిలో సొట్టే నయం అనిపించింది నాకు. అయితే రాగి ఉండే నాచు నిరోధక రంగు దీనికి పూయకూడదు. ఉప్పునీళ్ళలో రాగి, అల్యూమినియం ఒకచోట ఉంటే అల్యూమినియాన్ని తుప్పు తినేస్తుంది.

మోటారు దగ్గర గొడవ జరిగింది. బావకి 9.9 హార్స్‌పవర్ కావాలి. నాలుగు స్ట్రోకుల ఆ మోటారు సుమారు నలభై కిలోలు, అంటే పడవంత బరువు. అక్క 6 హార్స్‌పవర్ వైపు చేయి చూపించింది, అది పాతిక కిలోల పైచిలుకు. రెంటినీ మార్చి మార్చి నడిపాం. 9.9తో ఇద్దరు ఎక్కితే పడవ నీటి మీదకి లేచింది, నలుగురం ఎక్కితే ముక్కు ఎత్తుకుని గునిసింది. 6తో ఒక్కరైతే లేచింది, ఇద్దరైతే లేవలేదు. నలుగురం ఎప్పుడూ నెమ్మదిగానే వెళ్తాం అన్నప్పుడు ఆ అదనపు పదిహేను కిలోలు దేనికి అని అక్క వాదన. “ఎదురుగాలిలో?” అన్నాడు బావ. “రెండు ట్రిప్పులు వెయ్యి” అంది.

చివరికి ఆవిడే పరీక్ష పెట్టింది. యాట్ పక్కన పడవ తెచ్చి, ముక్కుకి ఒకటి, వెనక రెండు పట్టీలు తగిలించి, తెరచాప ఎత్తే తాడు కొక్కెం దానికి వేసింది. స్తంభం మీదున్న వించ్, అంటే తాడు చుట్టే గిలక, దాని పిడి ఆవిడే తిప్పింది. ఎవరూ చేయి వెయ్యద్దని ముందే చెప్పింది. పడవ మెల్లగా నీళ్ళు వదిలి, గోడకి రాసుకోకుండా కాలితో నెట్టుకుంటూ, కమ్మీ దాటి డెక్ మీద వాలింది. నాలుగు నిమిషాలు పట్టింది. అడుగున నీళ్ళు పోయే రంధ్రం బిరడా ఎవరూ పెట్టలేదని అప్పుడు తెలిసింది. చీలమండల దాకా ఎక్కిన సముద్రమంతా వంటగది కిటికీ మీద పోసింది. ఆ బాధ్యత ఎవరిదో ఇంకా తేలలేదు. 2.7 అల్యూమినియం, హైపలాన్ గొట్టాలు, 6 హార్స్‌పవర్ అని బిల్లు రాయించారు.

పాత టెండర్‌కి ఓ అలవాటుండేది. రాత్రంతా యాట్ పక్క గోడకి ధబ్ ధబ్ మని కొట్టుకునేది. ఎన్ని తాళ్ళు మార్చినా అంతే. ఎనిమిదో రాత్రి కొత్త రిబ్‌ని తాడుతో కమ్మీ ఎత్తుకి లేపి, గొలుసుతో కట్టి, మోటారు విప్పి లోపల పెట్టాం. నీళ్ళలో వదిలిన పడవల్నే దొంగలు తీసుకుపోతారని పెద్దాయన ముందే చెప్పాడు. దీపాలార్పి పడుకున్నాం. అర్ధరాత్రి దాటాక డెక్ మీద అడుగుల చప్పుడుకి లేచి తల బయట పెట్టాను. బావ టార్చితో నిలబడి ఉన్నాడు.

“ఏమైంది బావా?”

“చప్పుడు రావట్లేదురా. పోయిందేమో అనుకున్నా.”

టార్చి వెలుగులో రిబ్ కమ్మీ పక్కన గాలిలో వేలాడుతోంది, బిరడా రంధ్రం నుంచి ఆఖరి చుక్కలు నీళ్ళలోకి రాలుతున్నాయి.